ఆయిల్ కారే చోటు వేరు, పుట్టే చోటు వేరు

కోల్‌కతా పక్కనున్న హౌరా నుంచి లోకల్ రైలెక్కి హుగ్లీ నది వెంట ఉత్తరంగా వెళ్తే హింద్ మోటార్ అనే స్టేషన్ వస్తుంది. 1942లో గుజరాత్‌లోని పోర్ట్ ఓఖాలో మొదలై 1948లో ఉత్తర్‌పారాకు తరలివచ్చిన హిందుస్థాన్ మోటార్స్ కర్మాగారం వల్లనే ఆ స్టేషన్‌కు ఆ పేరు. 1957 నుంచి 2014 మే 24 దాకా అంబాసిడర్ కారు ఇక్కడ తయారైంది. మన కలెక్టరాఫీసుల పోర్టికోల్లో నిలబడిన తెల్ల కార్లు, విశాఖలో, విజయవాడలో రైలు దిగగానే ఎక్కిన టాక్సీలు, పెళ్లికొడుకును ఊరేగించిన పూలదండల బండ్లు చాలావరకు ఈ ఊరి సరుకే.

ఆ కారు గురించి ఎవరినడిగినా మూడు మాటలు చెబుతారు. గట్టిది, విశాలమైనది, ఆయిల్ కారుతుంది. మొదటి రెండింటి మీద ముచ్చట్లకు కొదవ లేదు. మూడోదాన్ని మాత్రం జాతకదోషంలా వదిలేశారు. అలా వదిలేయడం వల్ల రెండు రకాల నష్టం జరుగుతోంది. బాగు చేయదగిన లీకును దాని స్వభావమనుకుని వదిలేసేవారు కొందరు. బాగు కాని లీకు కోసం ఏడాదికోసారి ప్యాకింగులు మార్పిస్తూ డబ్బు పోసేవారు మరికొందరు. కార్లు మారాయి, అంబాసిడర్ వెళ్లిపోతోంది, అయినా ఈ రెండు అలవాట్లూ కొత్త కార్ల యజమానులకు వారసత్వంగా వచ్చాయి. ఇంజను ఆయిల్ ఎందుకు కారుతుంది, ఎక్కడినుంచి కారుతోందో ఎలా తేల్చాలి, ఎంతవరకు బాగు చేయించాలి అన్న ప్రశ్నను పరిశీలించడానికి కోల్‌కతా కంటే మంచి చోటు లేదు. ఒకే ఇంజనును అర్ధశతాబ్దం పాటు ఎండలో, వాననీటిలో, గతుకుల్లో, ఆగి ఆగి కదిలే ట్రాఫిక్‌లో నడిపి చూసిన ఊరిది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఆయిల్ లీకు మొదట ఒత్తిడికి సంబంధించిన సమస్య, తర్వాత దారికి సంబంధించిన సమస్య, ఆఖరున ప్యాకింగ్ సమస్య. మన షెడ్లలో పని సరిగ్గా తలకిందులుగా మొదలవుతుంది.

ముందు ఆ ఇంజను సంగతి. తొలి అంబాసిడర్లలో ఉన్న పాత సైడ్‌వాల్వ్ ఇంజను స్థానంలో కొద్దికాలానికే 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజను వచ్చింది. ఇది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్. ఇంగ్లండ్‌లో 1955లో వచ్చిన ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారులో ఉన్నదీ ఈ 1489 సీసీ ఇంజనే. మూడు మెయిన్ బేరింగులు, ఇనప బ్లాకు, పక్కనుంచి పైకి పోయే పుష్‌రాడ్లు. ఎక్కడ చెడినా చెట్టుకింద విప్పి బిగించుకోగలిగినంత సరళమైన నిర్మాణం.

క్రాంక్‌షాఫ్ట్ ఇంజను లోపల తిరిగినా, దాని వెనక కొస బయటికి వచ్చి ఫ్లైవీల్‌నూ క్లచ్‌నూ తిప్పాలి. అలా బయటికొచ్చే చోట ఆయిల్‌ను ఆపేదెలా? ఇప్పటి కార్లలో అక్కడ రబ్బరు పెదవి ఉన్న ఆయిల్ సీల్ షాఫ్టును పట్టుకుని ఉంటుంది. బి-సిరీస్ ఇంజనులో వెనకవైపు అలాంటి సీలే లేదు. షాఫ్టు మీద మరలాగా ఒక గాడి తీశారు. ఇంజను తిరిగినంతసేపూ ఆ గాడి, బయటికి రాబోయే ఆయిల్‌ను మెలిపెట్టి మళ్లీ లోపలికి తోస్తుంది. రాపిడి లేదు, అరిగే రబ్బరు లేదు. కాగితం మీద ముచ్చటైన ఏర్పాటు. ఇంజను ఆగితే మాత్రం ఆ తోపుడూ ఆగుతుంది. బేరింగు దగ్గర మిగిలిన ఆయిల్ నెమ్మదిగా తన దారి తాను చూసుకుంటుంది. ముక్కు ఎత్తుగా ఉండేలా బండిని వాలులో నిలిపితే ఇంకాస్త ఎక్కువ కారుతుంది. మెయిన్ బేరింగులు అరిగి షాఫ్టు ఇటూ అటూ ఊగడం మొదలైతే గాడికీ దాని చుట్టూ ఉన్న లోహానికీ మధ్య వెంట్రుకవాసి సందు పెరిగిపోతుంది. అప్పుడిక ఇంజను తిరుగుతున్నా కారుతుంది.

ఈ సంగతి దాన్ని గీసిన ఇంజనీర్లకు తెలియదనుకోకండి. ఆ కాలపు బ్రిటిష్ కార్లలో ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్యనున్న బెల్ హౌసింగ్ అడుగున ఒక చిల్లు పెట్టేవారు. మట్టితో అది మూసుకుపోకుండా ఒక కాటర్ పిన్ను వదులుగా వేలాడదీసేవారు. బండి కదులుతుంటే పిన్ను ఆడుతూ చిల్లును తెరిచి ఉంచుతుంది. కారిన ఆయిల్ క్లచ్ మీదికి పోకుండా రోడ్డు మీద పడాలని దాని ఉద్దేశం. అంటే ఈ ఇంజను కారుతుందని కంపెనీయే ఒప్పుకుని, కారడానికి మర్యాదైన దారి చూపించిందన్నమాట. ఆ చిల్లుకు గుడ్డ కుక్కి లీకు ఆపామనుకునే ప్రబుద్ధులకు బహుమానంగా కొన్నాళ్లకే క్లచ్ జారుతుంది.

ఇక ఒత్తిడి. ప్రతి ఇంజనులోనూ పిస్టన్ రింగులను దాటుకుని కొంత గ్యాసు కిందికి, ఆయిల్ చాంబర్ వైపు దిగుతుంది. మన మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అనేది దీన్నే. కొత్త ఇంజనులో తక్కువ, బోరు అరిగిన ఇంజనులో ఎక్కువ, అసలు లేని ఇంజను మాత్రం లేదు. ఆ గ్యాసు బయటికి పోవడానికి బ్రీదర్ ఉంటుంది. విజిల్ దారి మూసుకుపోయిన కుక్కర్ గ్యాస్కెట్ పక్కనుంచి ఆవిరి చిమ్మినట్టు, బ్రీదర్ మూసుకుపోయిన ఇంజను తనలోని బలహీనమైన ప్రతి అతుకునుంచీ ఆయిల్‌ను బయటికి నెడుతుంది. ఒక ప్యాకింగ్ మారిస్తే ఇంకోచోట కారుతుంది, అదీ మారిస్తే మూడో చోట. ఇలా ఊళ్లు తిరిగే లీకును చూస్తే ముందు అనుమానించాల్సింది బ్రీదర్‌నే.

పాత అంబాసిడర్ విషయంలో కోల్‌కతా రోడ్లు దీనికి ఆజ్యం పోశాయి. అప్పటి బి-సిరీస్‌లో సైడ్ కవర్ నుంచి ఒక గొట్టం రోడ్డు వైపు వేలాడుతుంది. బండి వేగంగా పోతున్నప్పుడు దాని కొస పక్కనుంచి పోయే గాలి లోపలి గ్యాసును బయటికి లాగుతుంది. గంటకు సుమారు 40 కిలోమీటర్లు దాటితేగానీ ఆ లాగుడు లెక్కకు రాదు. ఇంగ్లండ్ పల్లె రోడ్లకు అది సరిపోయింది. బడాబజార్లో తోపుడుబళ్ల వెనక, సియాల్దా దగ్గర బస్సుల మధ్య పాకే టాక్సీకి ఆ వేగం రోజులో ఎంతసేపు దొరుకుతుంది? మిగతా సమయమంతా ఇంజను ఊపిరి బిగబట్టుకునే తిరుగుతుంది. పైగా తక్కువ వేగంలో, ఆగి ఆగి నడిచే ఇంజనులో తేమ, మసి కలిసి జిడ్డు గడ్డకట్టి గొట్టాన్ని మరింత ఇరుకు చేస్తాయి. అమెరికాలో ఈ గొట్టాన్ని తీసేసి, ఇంజను తన పీల్పుతో తానే ఆ గ్యాసును లాగి కాల్చేసుకునే పీసీవీ వాల్వును 1961 మోడల్ కార్లకు కాలిఫోర్నియాలో మొదలుపెట్టారు. పొగ కాలుష్యం తగ్గించడానికని తెచ్చిన ఆ మార్పు ఆయిల్ లీకులకూ మందయింది. మన దగ్గర కూడా తర్వాతి మోడళ్లు మూసిన బ్రీదర్‌కు మారాయి గానీ, ఆ వాల్వును శుభ్రం చేయాలనే అలవాటు మాత్రం వాటితోపాటు రాలేదు.

మిగిలిన లీకులు కార్కువి. రాకర్ కవర్ కింద కార్కు, పక్కనున్న రెండు సైడ్ కవర్ల కింద కార్కు, చాంబర్ ముందూ వెనకా బేరింగ్ క్యాపుల దగ్గర కార్కు ముక్కలు. బెరడుతో చేసిన ఈ ప్యాకింగ్ చవక, మెత్తన, ఎగుడుదిగుడులను క్షమిస్తుంది. వేడికి మాత్రం ఎండి గట్టిపడి ముడుచుకుపోతుంది. సైడ్ కవర్లున్నది సరిగ్గా ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ కింద. ఇంతకంటే వేడి చోటు వెతికినా దొరకదు. అక్కడి ప్యాకింగ్ సరిగ్గా మార్చాలంటే మానిఫోల్డ్ విప్పాలి. ఆ శ్రమ తప్పించుకోవడానికి మధ్యనున్న ఒకే ఒక్క బోల్టును ఇంకో రెండు చుట్లు బిగించి పంపిస్తారు. పలచని రేకు కవరు నడుమ లోపలికి వంగి, అంచులు లేస్తాయి. లీకు పెరుగుతుంది. మళ్లీ బిగిస్తారు. బిగువు పెంచడం వల్ల పాడైన కవర్లు, ప్యాకింగ్ చచ్చి పాడైన కవర్ల కంటే ఎక్కువేనని నా గట్టి నమ్మకం.

తేల్చడం అన్న భాగానికి వస్తే, ఈ మొత్తం వ్యవహారంలో కష్టమంతా ఇక్కడే ఉంది. విప్పి బిగించడం చేతిపని. ఎక్కడ విప్పాలో తెలియడం బుర్రపని.

బండి కిందికి వంగి, తడిగా ఉన్నచోట వేలు పెట్టి, చాంబర్ ప్యాకింగ్ పోయిందనడం అన్ని ఊళ్ల మెకానిక్కులకూ ఒకే పాఠం. ఆయిల్ ఎక్కడ పుట్టినా చివరికి చేరేది చాంబర్ అంచుకే. అన్నింటికన్నా కింద ఉన్నది అదే మరి. పైగా ముందున్న ఫ్యాను గాలి, ప్రయాణంలో వచ్చే ఎదురుగాలి ఆయిల్‌ను వెనక్కి తోస్తాయి. రాకర్ కవర్ వెనక మూలలో పుట్టిన చుక్క బ్లాకు వెనకగోడ మీదుగా జారి బెల్ హౌసింగ్ దగ్గర వేలాడుతుంది. దాన్ని చూసి వెనక సీల్ పోయిందని గేర్‌బాక్సు దించేవారున్నారు. అందుకే నియమం ఇది: తడి ఉన్న చోట్లన్నింటిలో అన్నింటికంటే పైన, అన్నింటికంటే ముందు ఉన్న చోటును వెతకాలి. లీకు అక్కడ పుట్టి ఉంటుంది, లేదా అంతకంటే పైన.

జిడ్డు పేరుకుపోయిన ఇంజనులో ఆ చోటు కనిపించదు. కాబట్టి మొదటి పని కడగడం. చల్లారిన ఇంజనుకు డీగ్రీజర్ పూసి బ్రష్షుతో రుద్ది కడిగి ఆరబెట్టాలి. పెట్రోలుతో కడగొద్దు. నిప్పు ప్రమాదం ఒకటైతే, అది రబ్బరును తినేయడం మరొకటి. డిస్ట్రిబ్యూటర్, ఆల్టర్నేటర్ మీద ప్లాస్టిక్ కవరు కప్పాలి. ఆరిన తర్వాత అనుమానం ఉన్న అతుకుల మీద టాల్కం పౌడరు పలచగా చల్లి, ఇంజను వేడెక్కేదాకా నడిపి చూస్తే, తెల్లటి పొడి మీద ఆయిల్ గీత ఎక్కడ మొదలైందో స్పష్టంగా తెలుస్తుంది. పది రూపాయల పౌడరు చేసే ఈ పనికి మంచి షెడ్లలో ఇంకో పద్ధతి ఉంది. ఆయిల్‌లో అల్ట్రావయొలెట్ డై కలిపి, కొన్ని పదుల కిలోమీటర్లు నడిపి, ఆ కాంతినిచ్చే టార్చి వేసి చూస్తారు. ఆయిల్ దారి పసుపుపచ్చగా మెరుస్తుంది. నెమ్మదిగా ఊరే లీకులకు ఇది చాలా మేలైన పద్ధతి. పౌడరు ఒక్కసారి తడిస్తే పని అయిపోతుంది, డై మాత్రం రోజుల తరబడి సాక్ష్యం చెబుతుంది. చాంబర్లోకి పొగ ఎక్కించి ఎక్కడ బయటికొస్తుందో చూసే యంత్రాలూ ఉన్నాయి. వాటిలో ఒత్తిడి 1 పీఎస్ఐ దాటనివ్వకూడదు. దాటితే ఉన్న సీళ్లూ ఊడతాయి.

కారేది ఇంజను ఆయిలేనా అన్నది కూడా తేల్చుకోవాలి. రాత్రి ముందు చక్రాల నుంచి వెనకదాకా అట్ట పరిచి, పొద్దున చుక్కలను చూడాలి. ఇంజను ఆయిల్ గోధుమరంగు నుంచి నలుపు దాకా ఉంటుంది. గేర్ ఆయిల్ చిక్కగా ఉండి గంధకం వాసన కొడుతుంది. కూలెంటుకు పచ్చగానో గులాబీగానో రంగుంటుంది, వేళ్ల మధ్య జిగటగా తియ్యటి వాసన వేస్తుంది. చక్రం లోపలివైపు జారుడుగా ఉన్న పలచని ద్రవం బ్రేక్ ఆయిల్ అయితే ఈ వ్యాసం పక్కనపెట్టి బండిని ఆపేయండి. ఏసీ నుంచి పడే నీళ్లను చూసి కంగారుపడి షెడ్డుకొచ్చేవాళ్లూ తక్కువేం కాదు.

ఏ బోల్టు మీదా స్పానర్ పెట్టకముందు, ఒత్తిడి చూడాలి. ఇంజను నిదానంగా తిరుగుతుండగా ఆయిల్ పోసే మూత తీసి, ఆ రంధ్రం మీద పలచని కాగితం పెట్టండి. పీసీవీ ఉన్న పెట్రోలు కారులో కాగితం కొద్దిగా లోపలికి అతుక్కోవాలి. పాత గొట్టం బ్రీదర్ ఇంజనులోనూ, డీజిల్‌లోనూ కాగితం కొంచెం అదరడం మామూలే. ఎగిరిపోతే, పొగ బుసబుసమని వస్తే, ముందు బ్రీదర్ విప్పి శుభ్రం చేయాలి. అప్పటికీ తగ్గకపోతే రోగం రింగుల్లో, బోరులో ఉంది. కంప్రెషన్ పరీక్ష, లీక్‌డౌన్ పరీక్ష ఆ మాట ఖాయం చేస్తాయి. అలాంటి ఇంజనుకు ఎన్ని ప్యాకింగులు మార్చినా బూడిదలో పోసిన పన్నీరే.

ఆయిల్ తగ్గడం వేరు, కారడం వేరు అనేది కూడా గుర్తుంచుకోవాలి. డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గుతూ కింద చుక్క లేకపోతే, పొగగొట్టంలో నీలిపొగ ఉందేమో చూడాలి. మట్టం పెరుగుతుంటే ఇంకా ప్రమాదం. మెకానికల్ పెట్రోలు పంపు ఉన్న పాత బండ్లలో దాని డయాఫ్రం చిరిగితే పెట్రోలు చాంబర్లోకి దిగి ఆయిల్‌ను నీళ్లలా పలచన చేస్తుంది. నిన్నటిదాకా కారని అతుకులన్నీ ఒక్కసారిగా కారతాయి. డిప్‌స్టిక్ వాసన చూసే మెకానిక్కును గౌరవించండి.

కోల్‌కతాలో జూన్ దాటితే ఈ పరిశోధన సగం దెబ్బతింటుంది. ఠంఠనియా, ఆమ్హర్స్ట్ స్ట్రీట్ లాంటి చోట్ల మోకాలిలోతు నీళ్లలో ఈదొచ్చిన బండి ఇంజను అడుగు శుభ్రంగా కడిగినట్టుంటుంది. సాక్ష్యం కొట్టుకుపోతుంది. ఆ నీళ్లు బ్రీదర్ గుండానో డిప్‌స్టిక్ గొట్టం గుండానో లోపలికి పోతే ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగుకు తిరుగుతుంది. అప్పుడు లీకు సంగతి తర్వాత, ఆయిల్ మార్చకుండా ఇంజను తిప్పకూడదు.

బాగుచేయడం విషయంలో చెప్పుకోవాల్సింది ఇంతకంటే తక్కువ. కొన్ని సంగతులు మాత్రం ప్రతి షెడ్డు గోడ మీదా రాయదగినవి. కోల్‌కతాలో పాత కార్ల సామాన్ల కోసం మల్లిక్ బజారుకు పోతారు, మనకు సికింద్రాబాదు రాణీగంజ్, విజయవాడ ఆటోనగర్ ఎలాగో అలాగ. ఏళ్ల తరబడి ర్యాకులో ఎండిన కార్కు ప్యాకింగ్ చేతికొస్తే బోల్టు రంధ్రాలు కలవవు. దాన్ని లాగి సాగదీస్తే విరుగుతుంది. కాసేపు నీళ్లలో నానబెడితే దాని కొలత దానికి తిరిగొస్తుంది. చాంబర్ అంచు, కవర్ల అంచు బల్లపరుపుగా ఉన్నాయా అని అద్దం పలక మీద పెట్టి చూడాలి. బోల్టు రంధ్రాల చుట్టూ రేకు పొంగి ఉంటుంది. దాన్ని సుత్తితో సమంగా కొట్టకుండా వేసే కొత్త ప్యాకింగ్ దండగ. బోల్టులు మధ్యనుంచి చివరలకు, కొంచెం కొంచెంగా బిగించాలి. చాలా కార్లలో ట్యాపెట్ కవర్ (రాకర్ కవర్) బోల్టుకు 10 న్యూటన్ మీటర్ల లోపు బిగువు చాలు. అంటే చిన్న స్పానర్‌ను రెండు వేళ్లతో తిప్పేంత.

సిలికాన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ట్యూబు చేతికొస్తే మన చేయి ఆగదు. కార్కుకూ సిలికాన్ పూస్తారు, రబ్బరుకూ పూస్తారు, పూసిందే తడవుగా ఆయిల్ పోసి స్టార్ట్ చేస్తారు. రెండు మూడు మిల్లీమీటర్ల సన్నని గీత, అదీ కంపెనీ చెప్పిన చోట మాత్రమే, పూర్తిగా గట్టిపడటానికి ఒక రోజు. ఇంతకు మించి పూసినది బయటికి పొంగినట్టే లోపలికీ పొంగుతుంది. లోపల ఊడిన ముక్క ఆయిల్ పంపు జల్లెడకు అడ్డుపడితే, చుక్కల లీకు బాగు చేయబోయి ఇంజను పట్టేసినట్టవుతుంది.

అంబాసిడర్ వెనక గాడి లీకుకు తేలికైన మందు లేదు. ఇంగ్లండ్‌లో పాత కార్ల ప్రియుల కోసం ఆ చోట రబ్బరు సీల్ అమర్చే కిట్లు అమ్ముతారు. ఇంజను దించాలి, ఖర్చు పెట్టాలి, ప్రదర్శనకు తిప్పే కారుకు సరే. మామూలు యజమాని చేయగలిగింది బ్రీదర్ శుభ్రంగా ఉంచడం, బేరింగులు అరగకుండా వేళకు ఆయిల్ మార్చడం, చిక్కదనం చూసి పోయడం. చలికాలంలో కూడా పది డిగ్రీల కిందికి పోవడం అరుదైన ఈ నగరంలో పాత ఇంజనుకు 20డబ్ల్యూ-50 పోయడానికి జంకాల్సిన పని లేదు. అదే ఆయిల్‌ను 5డబ్ల్యూ-30 కోసం తయారైన కొత్త ఇంజనులో పోస్తే మాత్రం లీకు తగ్గడం మాట అటుంచి ఇరుకైన ఆయిల్ దారులు ఇబ్బంది పడతాయి.

లీకును ఆపుతాయంటూ అమ్మే ద్రవాల సంగతి ఇక్కడే తేల్చేయొచ్చు. వాటిలో ఉన్నవి ఎండిన రబ్బరును కాస్త ఉబ్బించి మెత్తబరిచే రసాయనాలు. గట్టిపడిన రబ్బరు సీల్ ఉన్నచోట కొన్నాళ్లు పనిచేస్తాయి. చిరిగిన సీల్‌కు పనిచేయవు, కార్కుకు పనిచేయవు. బి-సిరీస్ అంబాసిడర్ వెనక లీకుకు ఆ సీసా పోసేవారిని చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఉబ్బించడానికి అక్కడ రబ్బరే లేదు కదా! 1990ల్లో, ఆ తర్వాత ఇసుజు ఇంజనుతో వచ్చిన అంబాసిడర్లకు రబ్బరు సీల్ ఉంది కాబట్టి వాటి విషయం వేరు. వాటికి గేర్‌బాక్సు దించి సీల్ మార్చితే లీకు నిజంగా ఆగుతుంది. మార్చేటప్పుడు షాఫ్టు మీద పాత పెదవి కోసిన గాడి గోటికి తగిలితే, కొత్త సీల్‌ను ఒకట్రెండు మిల్లీమీటర్లు పక్కకు కూర్చోబెట్టడమో, పలచని స్టీలు స్లీవు తొడగడమో చేయాలి. ఎలాగూ గేర్‌బాక్సు దిగింది కాబట్టి క్లచ్ ప్లేటు కూడా చూసుకోవడం తెలివి.

ఇప్పటి కార్లలో కథ క్లుప్తం. కార్కు పోయి అచ్చుపోసిన రబ్బరు వచ్చింది. నైట్రైల్ రబ్బరు ఏళ్ల వేడికి గట్టిపడుతుంది. అంబాసిడర్ పుట్టిన 1957లోనే డ్యూపాంట్ కంపెనీ తెచ్చిన వైటాన్ రెండొందల డిగ్రీల దాకా తట్టుకుంటుంది, ధరా అలాగే ఉంటుంది. ట్యాపెట్ కవర్ ప్యాకింగ్, క్యామ్ సీల్, ముందు క్రాంక్ సీల్, ఆయిల్ ప్రెషర్ స్విచ్, డ్రెయిన్ బోల్టు వాషర్, పాత మారుతి 800లో అయితే డిస్ట్రిబ్యూటర్ ఓ-రింగ్. నూటికి తొంభై లీకులు ఈ చుట్టుపక్కలే అనుకుని వెతకడం మొదలుపెట్టొచ్చు. ఆయిల్ మార్చిన మర్నాడే లీకు కనబడితే ఫిల్టరు విప్పి చూడండి. పాత రబ్బరు రింగు ఇంజనుకే అతుక్కుపోయి, దాని మీద కొత్త రింగు కూర్చున్న సందర్భాలు కోకొల్లలు. పాత అంబాసిడర్ గిన్నె ఫిల్టరులోనూ ఇదే తంతు. గాడిలో నల్లగా గట్టిపడిన పాత రింగును లోహమనుకుని వదిలేస్తారు. ఈ లీకు చుక్కలతో ఆగదు, ఒత్తిడి పెరిగితే మొత్తం ఆయిల్ నిమిషాల్లో రోడ్డు పాలవుతుంది.

మరి ప్రతి లీకునూ బాగు చేయించాలా? లెక్క వేసుకుందాం. ఇరవై చుక్కలు సుమారు ఒక మిల్లీలీటరు. రాత్రికి పది చుక్కలు పడే బండి ఏడాదికి 180 మిల్లీలీటర్లు పోగొట్టుకుంటుంది. చాలా కార్లలో డిప్‌స్టిక్ కింది గీతకూ పై గీతకూ మధ్య తేడా సుమారు లీటరు. ఈ లీకు కోసం ఇంజను దించడం వివేకం అనిపించుకోదు. నెలకోసారి మట్టం చూసుకుంటే చాలు. అయితే పరిమాణం తక్కువైనా వెంటనే చూడాల్సిన లీకులు కొన్ని ఉన్నాయి. ఎగ్జాస్ట్ మీద పడి కమురు వాసన వచ్చేది నిప్పుకు దారి. క్లచ్ మీద పడేది, టైమింగ్ బెల్టును తడిపేది, టైరు వైపు చిమ్మేది, రాత్రికి రాత్రి హెచ్చినది కూడా అంతే. ఎర్ర ఆయిల్ దీపం వెలిగేదాకా ఆగుదామనుకోవద్దు. అది మట్టం చెప్పే దీపం కాదు, ఒత్తిడి పూర్తిగా పడిపోయాక వెలిగేది. అప్పటికి బేరింగులు ఎండిపోయి ఉంటాయి.

టాక్సీవాడి లెక్క ఇంకోలా ఉంటుంది. 2008లో కలకత్తా హైకోర్టు తీర్పు తర్వాత, 2009 నుంచి 15 ఏళ్లు దాటిన టాక్సీలు నగరంలో తిరగకూడదు. ఉత్తర్‌పారా కర్మాగారం ఆగిన 2014లో రోడ్డెక్కిన టాక్సీకి కూడా 2029లో గడువు నిండుతుంది. కొన్నేళ్లలో తుక్కు కిందికి పోయే బండికి ఇంజను దించి మెయిన్ బేరింగులు వేయించమని ఏ ముఖంతో చెబుతాం? అలాంటి బండికి నేనిచ్చే సలహా బ్రీదర్ కడగడం, రాకర్ కవర్, సైడ్ కవర్ల ప్యాకింగులు ఒకసారి సరిగ్గా వేయించడం, మిగతాదాన్ని డిప్‌స్టిక్‌కు వదిలేయడం. రేపటికి నిలిపే ఉద్దేశంతో పెంచుకునే సొంత కారు లెక్క దీనికి పూర్తిగా వ్యతిరేకం. మెయిన్ బేరింగుల నుంచి మొదలుపెట్టాలి.

పర్యావరణం మాట ఎత్తినప్పుడు కూడా ఈ చుక్కలనే చూపిస్తారు. కోల్‌కతా పాత నగరంలో వాననీరూ మురుగునీరూ ఒకే కాలువల్లో పోతాయి. అవి నగరానికి తూర్పున ఉన్న చిత్తడి నేలలకు చేరతాయి. 12,500 హెక్టార్ల ఆ ప్రాంతానికి 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల ఒప్పందం కింద రామ్‌సర్ గుర్తింపు దక్కింది. అక్కడ భేరీలనే చేపల చెరువుల్లో ఆ మురుగునీటితోనే చేపలు పెంచి ఈ ఊరికే అమ్ముతారు. నీటి మీద ఆయిల్ పొర పరుచుకుంటే కిందికి గాలి అందదు. కాబట్టి రోడ్డు మీది మరకకు విలువ లేదనను. కానీ ఏడాదంతా కారిన 180 మిల్లీలీటర్ల పక్కన, ఆయిల్ మార్చిన ప్రతిసారీ డ్రెయిన్ బోల్టు విప్పి దించే నాలుగు లీటర్లను పెట్టి చూడండి. ఆ నల్ల ఆయిల్ చట్టప్రకారం ప్రమాదకర వ్యర్థం. అనుమతి ఉన్న శుద్ధి కేంద్రాలకే పోవాలి. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిల్ తయారీదారుల మీద కూడా దాని సేకరణ బాధ్యత పెట్టారు. ఫుట్‌పాత్ షెడ్డులో అది డబ్బాలోకి పోతోందా, పక్క కాలువలోకి పోతోందా అన్నది అక్కడ నిలబడిన యజమానికే కనబడుతుంది. ఈసారి ఆయిల్ మార్పించినప్పుడు పాతది ఎక్కడికి పోతోందని అడగండి, సరైన జవాబు రాకపోతే మూతున్న డబ్బా ఒకటి మీరే తీసుకెళ్లి పట్టించుకొచ్చి, పాత ఆయిల్ తీసుకునే సర్వీసు సెంటర్లో అప్పగించండి.